ఒక గడి తక్కువ

ఆటలో దీపాలవాడు నిచ్చెన మీంచి పడిపోయినప్పుడల్లా ఆరు స్వరాలు మెట్లు దిగుతాయి. ఏడోది దిగదు. అది ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. తెర మీద మాత్రం "ఆట ముగిసింది" అన్న అక్షరాలు మినుకుమినుకుమంటుంటాయి.

ఈ సంగతి పాటలమ్మకు ఆట యంత్రాలు లారీ ఎక్కిన రోజునే తెలిసింది. పాటలమ్మ అన్నది ఆమెకు ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. హాళ్ళలో నిలబెట్టే ఆట యంత్రాలు తయారుచేసే ఆ కంపెనీలో, మేడమీద వెనక గదిలో కూర్చుని ఆటలకు పాటలు కట్టే మనిషి ఆమె ఒక్కతే. పాటలు కట్టడమంటే హార్మోనియం ముందేసుకుని కళ్ళు మూసుకోవడం అనుకునేరు. ఆమె ముందుండేది గళ్ళకాగితం, పెన్సిలు, అరిగిపోయిన రబ్బరు. ఒక్కో స్వరానికి ఒక్కో గడి. ఆ గడిలో ఎత్తుకో అంకె, నిడివికో అంకె. అవన్నీ మీటల మీద కొట్టి చిప్పులోకి ఎక్కిస్తే, అది మూడు గొంతులతో పాడుతుంది. మూడంటే మూడే. నాలుగో గొంతు ఒకటుంది గానీ అది ఉత్త బుసబుస, గాలికీ పేలుళ్ళకీ తప్ప పనికిరాదు. ఉన్న మూడింట్లోనూ, దీపాలవాడు గెంతినప్పుడల్లా గెంతు చప్పుడు కోసం ఒకదాన్ని లాక్కుంటారు. ఆ కాసేపూ పాట కుంటుతూ నడవాల్సిందే.

చిప్పులో చోటుకు కాపలాదారు గళ్ళాయన. ఆటకు ప్రోగ్రాం రాసేది ఆయనే. ఆ చోటంతా తన తాత సంపాదించిన పొలమన్నట్టు చూసుకునేవాడు. "ఓడిపోయిన పాటకి ఏడు గళ్ళిస్తున్నా. ఎనిమిదోది అడిగావంటే మనిద్దరికీ మాటల్లేవు," అన్నాడు. పాటలమ్మ ఏడు స్వరాలు రాసింది. తన బల్ల మీది బోర్డులో ఏడూ చక్కగా పలికాయి. కానీ పాట అయిపోయిందని చిప్పుకు చెప్పడానికి ముగింపు గుర్తొకటి పెట్టాలి, దానికీ ఒక గడి కావాలి. ఏళ్ళ తరబడి ఈ పనే చేస్తున్న మనిషి ఆ ఒక్క ముక్క మర్చిపోయింది. అన్నీ కలిపేటప్పుడు గళ్ళాయన అన్న మాట ప్రకారం ఏడో గడి దగ్గర గీత గీశాడు. ముగింపు గుర్తు వచ్చి ఏడో స్వరం నెత్తిన కూర్చుంది.

చివరి యంత్రాన్ని లారీ ఎక్కిస్తుంటే సరదాగా ఒక ఆట ఆడి చూసింది పాటలమ్మ. అప్పుడు బయటపడింది. మిగతావన్నీ అప్పటికే ఊళ్ళు దాటిపోయాయి. తేలు కుట్టిన దొంగలా మేడెక్కి, గదిలో కూర్చుని, తిట్ల కోసం ఎదురుచూసింది.

తిట్లు రాలేదు. కొన్ని వారాలకు యజమానే మేడెక్కి వచ్చాడు.

ఆయన మేడెక్కితే ఎవరిదో ఉద్యోగం మేడ దిగుతుందని ఆఫీసులో ఒక నానుడి. వెనకే తాళాలాయన ఉన్నాడు. హాళ్ళన్నీ తిరిగి, యంత్రాల పెట్టెలు తెరిచి, ఆడేవాళ్ళు డబ్బిచ్చి కొని వేసిన బిళ్ళలు పోగుచేసుకొచ్చే మనిషి. నడుముకున్న తాళాలగుత్తి ఆయనకంటే ముందే గదిలోకి వచ్చేది.

"ఏమ్మా, ఎవరి దగ్గర నేర్చుకున్నావీ విద్య?" అన్నాడు యజమాని.

"ఏ విద్యండీ?"

"అదే, పాట చివర గొంతులో ముల్లు వదిలేసే విద్య. నువ్వు చెప్పవయ్యా."

తాళాలాయన గొంతు సవరించుకున్నాడు. "ఓడినవాడు లేవట్లేదమ్మా. ఇదివరకు ఓడితే ఓ తిట్టు తిట్టి దారిన పోయేవాడు. ఇప్పుడు పాట అక్కడ ఆగేసరికి, ఏదో మర్చిపోయి వచ్చినవాడిలా నిలబడిపోతాడు. చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. ఇంకో బిళ్ళ వేస్తాడు. మళ్ళీ అంతే. పెట్టెలు మూతపడట్లేదనుకో."

"అది పొరపాటండీ" అన్న మాట పాటలమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. ఇంతలో యజమాని వసారా చివరనున్న గది వైపు వేలు చూపించాడు. చాలాకాలంగా ఖాళీగా ఉన్న గది, రెండు పెద్ద కిటికీలు. ఆమె గదికి కిటికీ లేదు. చిప్పుల్లో రాసింది చెరపడానికి వాటి నెత్తిన సన్నటి గాజుపలక ఉంటుంది. ఆ గాజును ఊదారంగు దీపం కింద పెట్టాలి. ఆ దీపపు పెట్టె ఆమె మోచేతి పక్కనే ఉండేది. మూత సరిగ్గా పడక, వెలుగు సందుల్లోంచి కళ్ళలో గుచ్చుకునేది.

"వచ్చే నెల నుంచి ఆ గది నీది. కింద ఇద్దరు మనుషులు. వచ్చే ఆటలన్నిటికీ ఇదే పద్ధతి. పాట మనిషిని ఇంటి గుమ్మందాకా తీసుకెళ్ళాలి, తలుపు మాత్రం తియ్యకూడదు. అర్థమైందా?"

"అర్థమైందండీ," అంది పాటలమ్మ.

ఆమెను మరీ తప్పు పట్టకండి. ఇన్నేళ్ళలో ఆ మేడమీద ఎవరూ ఆమెతో బాగుందన్న పాపాన పోలేదు. ఆట మొదట్లో తెర మీద కంపెనీ పేరు వస్తుంది, పాట ఎవరిదో రాదు. పోటీ కంపెనీలు ఎత్తుకుపోతాయని, ఎవరేం రాశారో ఇంట్లో కూడా చెప్పకూడదని నియమం. అలాంటి మనిషికి ఉన్నట్టుండి మెప్పు వచ్చి ఒళ్ళో పడింది. బస్సులో ఎవరిదో సంచి "ఇది మీదేనా" అని చేతికిస్తే తీసేసుకున్నట్టు తీసేసుకుంది. సంతోషం వేసింది.

"ఒక్క చోటే మన పప్పులుడకట్లేదు," అన్నాడు యజమాని గుమ్మం దగ్గర ఆగి. "బస్టాండు పక్క హాల్లో. అక్కడ జనం ఓడిపోతున్నారు, హాయిగా లేచిపోతున్నారు. స్పీకరు చచ్చిందో ఏమో. రేపు ఈయనతో వెళ్ళి చూసిరా. చూసొచ్చి చెప్పాక గది తాళం తీసుకో."

పాటలమ్మ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. బస్టాండు పక్క హాల్లో, బిళ్ళలిచ్చే గూట్లో కూర్చునేది ఆమె అక్క.

*

అక్క హాలు నుంచి ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుగుంది. చెప్పులు విడిచి, ఎవరినీ పలకరించకుండా వంటింట్లోకి వెళ్ళి, ఉప్పు వేసిన వేడినీళ్ళు పుక్కిలించడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే కాబట్టి పలకరించకపోవడమంటే చెల్లెల్నే.

"ఆ గొంతేంటక్కా, రోజురోజుకీ?"

"ఏముందే, హాల్లో గోల. ఆ గోలలో ఎన్ని బిళ్ళలు కావాలని అరవాలా వద్దా?" ఆ మాటలు గాలితో సగం, గొంతుతో సగం వచ్చాయి.

"డాక్టరేమన్నాడు?"

"గొంతుకు సెలవిమ్మన్నాడు. నేను గొంతుకు సెలవిస్తే, హాలువాళ్ళు నాకిస్తారు సెలవు." నవ్వబోయింది, దగ్గొచ్చింది.

చెల్లెలు గ్లాసు అందుకుని మళ్ళీ వేడినీళ్ళు పోసింది. "రేపు మీ హాలుకొస్తున్నా. పని మీద."

అక్క పుక్కిలించడం ఆపింది. "మా హాలుకా? ఏం, ఏమైంది?"

"స్పీకరు చూడాలట."

"స్పీకరేనా? పాట గురించేమైనా అన్నారా?"

"ఏ పాట?"

"ఏదో ఒక పాట. నాకేం తెలుసు." అక్క గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. కంపెనీవాళ్ళ చుట్టాలు హాళ్ళలో పనిచేయకూడదని ఇంకో నియమం. అక్క అక్కడ చేరేటప్పుడు తనకు చెల్లెలున్నట్టే చెప్పలేదు. "నేను నిన్నెరగనట్టే ఉంటాలే. నువ్వూ అక్కా గిక్కా అని నోరుజారకు," అంది.

*

హాల్లోకి అడుగుపెడితే ముందు ఏ పాటా వినపడదు. అన్నీ కలిసి ఒకటే హోరు. యంత్రాలు రెండు వరసల్లో గోడలకు వీపులానించి నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నేల బూట్ల రాపిడికి నల్లబడింది. సిగరెట్టు పొగ, చెమట, వేడెక్కిన వైర్ల వాసన. గుమ్మం పక్కనే బిళ్ళల గూడు. అర్ధచంద్రాకారపు కంతలోంచి అక్క చేతులు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి, బిళ్ళల్ని దొంతర్లుగా పేరుస్తూ. చెల్లెలు ఆ చేతుల వైపు చూడకుండా నడిచింది.

దీపాలవాడి యంత్రం గూటికి దగ్గర్లోనే ఉంది. ఆడుతున్నవాడు బస్సు కండక్టరు. తోలుసంచి భుజాన వేలాడుతూనే ఉంది, టిక్కెట్లకు చిల్లులు పొడిచే కత్తెర జేబులో ఉంది. రెండు ట్రిప్పుల మధ్య దొరికిన తీరికలో వచ్చినట్టున్నాడు. అతని చుట్టూ చూడ్డానికి నలుగురైదుగురు మూగారు. తెర మీద దీపాలవాడు నిచ్చెనలెక్కి దీపాలు వెలిగిస్తున్నాడు, గాలి వాటిని ఆర్పేస్తోంది. పాటలమ్మ చెవి పెట్టి వింది. తన పాట. గెంతినప్పుడల్లా ఒక గొంతు మాయమై మళ్ళీ వచ్చి కలుస్తోంది. స్పీకరుకేం రోగం లేదు, లక్షణంగా మోగుతోంది.

గాలి ఒక్క విసురు విసిరింది. దీపాలవాడు పడ్డాడు. ఆరు స్వరాలు మెట్లు దిగి ఆగాయి.

ఆగిన మరుక్షణం, గూట్లోంచి బొంగురుగా, సన్నగా ఏడో స్వరం వచ్చింది. దాన్ని అందుకుని కండక్టరు చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా "ఊఁ" అని దీర్ఘం తీశారు. పక్క యంత్రాల దగ్గరివాళ్ళూ తలలెత్తకుండానే కలిశారు. స్వరం ఇంటికి చేరింది. అందరూ గొల్లుమన్నారు. కండక్టరు కూడా నవ్వి, సంచి సర్దుకుని, "పదండి పదండి, నా బస్సు నా కోసం ఏడుస్తోంది," అంటూ వెళ్ళిపోయాడు.

"ఇదో సరదా అయిపోయిందండీ మా హాల్లో," అన్నాడు హాలు మేనేజరు గర్వంగా. "కొత్తవాళ్ళు కూడా ఒక్కరోజులో నేర్చేసుకుంటారు."

పాటలమ్మ రాసి పోగొట్టుకున్న స్వరం అది. అదే ఎత్తు, అదే నిడివి. ఆమె గళ్ళకాగితంలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదనుకున్నది, అక్క నోట్లోంచి వచ్చింది. గూటి వైపు చూసింది. కంతలోంచి కనిపించే చేతులు బిళ్ళలు పేరుస్తూనే ఉన్నాయి. అక్క నిజంగానే ఆమెను ఎరగనట్టు ఉంది.

తాళాలాయన యంత్రం వెనక తలుపు తీసి, స్పీకరు తీగలు లాగి చూసి, మళ్ళీ తాళం వేశాడు. బయటికి వచ్చాక అన్నాడు. "మొదలుపెట్టేది ఆ గూట్లో ఆవిడ. చూశావుగా."

"మీరు చెప్తారా?"

"నేను తాళాలు తీసేవాణ్ణమ్మా. పాటల సంగతి నీ శాఖ." రెండడుగులు వేసి మళ్ళీ అన్నాడు. "జనం పాడుతున్నారన్న ముక్క మాత్రం నేను దాచలేను. పెట్టె ఖాళీగా ఉంటే జవాబు చెప్పుకోవాల్సింది నేను."

సాయంత్రం ఆ ముక్కే చెప్పాడు. యజమాని విన్నాడు, కాసేపు పేపర్‌వెయిట్ తిప్పాడు. "ఎవడో ఒకడు ఎత్తుకోనిదే పదిమంది అందుకోరు. రేపు నేనే వస్తా. మొదలుపెట్టేవాడెవడో కనిపెట్టి వాణ్ణి బయటికి పంపిస్తే, మిగతావాళ్ళు రెండ్రోజుల్లో మర్చిపోతారు. నువ్వూ రా," అన్నాడు పాటలమ్మతో. "నీ చెవులు మంచివి."

*

అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చెల్లెలు గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"ఎందుకు చేశావక్కా ఆ పని? రేపు యజమాని వస్తున్నాడు. ఎవరు మొదలుపెడుతున్నారో చూసి తీసేస్తాడట. నీ పాట నువ్వు పాడుకోక మా పాటలో ఎందుకు వేలుపెట్టావు?"

"మీ పాటా?" అక్క తువ్వాలు దులిపింది. ఆ బొంగురు గొంతుతోనే, మెల్లగా, ఆరు స్వరాలు కూనిరాగం తీసింది. ఏడోదానికి మడతపెట్టిన తువ్వాలు మీద అరచేత్తో ఒక్కటి కొట్టింది. "ఇది ఎక్కడిదే?"

చెల్లెలు గుమ్మంలోంచి లోపలికి వచ్చింది.

"నీ జడ వేసేటప్పుడు తీసేదాన్ని కాదూ? రిబ్బను ముడేసి, ఏడో స్వరంతో పాటే నెత్తిన ఒక్కటిచ్చి, 'అయిపోయింది, పో' అనేదాన్ని. ఆ దెబ్బ పడేదాకా కదిలేదానివా? బడిగంట కొట్టేసినా సరే, పీట మీద అలాగే మొద్దులా కూర్చునేదానివి. ఒకసారి పాలబ్బాయి పిలిస్తే మధ్యలో లేచి వెళ్ళా. తిరిగొచ్చేసరికి పీట మీదే ఉన్నావు, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని."

చెల్లెలికి ఆ పీట గుర్తొచ్చింది, దాని ఒక కాలు పొట్టి. ఆ పాట తానే కట్టాననుకుంది. ఓడిపోవడానికి ఏదైనా రాయాలని కూర్చోగానే చేతిలోకి దానంతటదే వచ్చింది. ఎంత బాగా కుదిరిందోనని మురిసిపోయింది కూడా. ఇప్పుడు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"మొదటిరోజే గుర్తుపట్టా," అంది అక్క. "నా రాగం యంత్రంలో పెట్టిందే నా చెల్లెలు అని ఎంత పొంగిపోయానో నీకేం తెలుసు. ఎవరికైనా చెప్పుకుందామంటే చెప్పకూడదాయె. అంతలోకే చివర ఆగిపోయింది. దెబ్బ పడలేదు. అయ్యో, పని తొందరలో మర్చిపోయినట్టుందే, మీవాళ్ళెవరైనా వచ్చి వింటే దీనికి మాటొస్తుందే అనుకున్నా. అందుకని అది ఆగిన చోటల్లా నేను అందుకునేదాన్ని. పక్కవాళ్ళకి తేడా తెలీకుండా పోతుంది కదాని. తర్వాత వాళ్ళూ నేర్చారు, నేనేం చెయ్యను?"

"పొద్దున్నుంచి సాయంత్రందాకానా?"

"ఓడిపోయేవాళ్ళకేం కొదవే?"

చెల్లెలు గోడకు జారగిలబడి కూర్చుంది. అక్క గొంతు ఎందుకు పోయిందో ఇప్పుడు తెలిసింది.

"వాళ్ళు దాన్ని తప్పనుకోవట్లేదక్కా. నా తెలివనుకుంటున్నారు." గది సంగతి, ఇద్దరు మనుషుల సంగతి, గుమ్మందాకా తీసుకెళ్ళి తలుపు తియ్యకూడదన్న సంగతి చెప్పింది. చెబుతుంటే ఒక్కొక్క మాటా నోట్లో ఇసుకలా తగిలింది.

అక్క ఒక చొక్కా చేతులు వెనక్కి మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. "అంటే మనిషి లేవకుండా ఉండటానికా అది?"

"ఊఁ."

"కావాలనే చేశావా?"

"లేదు. ఒక గడి తక్కువైంది. కావాలని చెయ్యలేదని మాత్రం వాళ్ళకి చెప్పలేదు."

అక్క తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననిపించింది. అక్క బట్టల దొంతర ఎత్తి అలమరలో పెట్టి, తలుపు వేసింది.

"కొత్త గదికి కిటికీ ఉందా?"

"రెండున్నాయి."

"మంచిదే. ఆ దీపం పక్కన కూర్చుని నీ కళ్ళు పాడైపోతున్నాయని నాకొకటే బెంగ." గ్లాసులో ఉప్పు వేసుకుంటూ, ఇటు తిరగకుండానే అంది. "రేపట్నుంచి నోరు మూసుకుంటాలేవే. నా గొంతుకూ సెలవు దొరుకుతుంది. డాక్టరు మాట విన్నట్టూ ఉంటుంది."

ఆ మాటలో ఎత్తిపొడుపు వెతికింది చెల్లెలు. ఎంత వెతికినా దొరకలేదు.

*

మర్నాడు యజమాని గూటి పక్కనే నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని, యంత్రాన్ని వదిలేసి జనం మూతుల్నే చూస్తున్నాడు. ఆయనకు అటుపక్క తాళాలాయన, ఇటుపక్క పాటలమ్మ. హాలు మేనేజరు ఎందుకైనా మంచిదని నవ్వుతూ తిరుగుతున్నాడు. గూట్లో అక్క పెదవులు బిగించి బిళ్ళలు పేరుస్తోంది.

కండక్టరు వచ్చాడు. బిళ్ళ వేశాడు. దీపాలవాడు నిచ్చెనలెక్కాడు, గెంతాడు, రెండు వీధుల దీపాలు వెలిగించాడు, పడ్డాడు. ఆరు స్వరాలు దిగాయి.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వడానికి సిద్ధంగా గూటి వైపు తల తిప్పారు. గూట్లోంచి ఏమీ రాలేదు. ఒకడు సగం నోరు తెరిచి, ఒక్కణ్ణే పాడటం నామోషీ అనిపించిందేమో, మూసేశాడు. కండక్టరు ఇంకా వింటున్నట్టే నిలబడ్డాడు. తర్వాత అతని చెయ్యి ఇంకో బిళ్ళ కోసం సంచిలోకి వెళ్ళింది.

రెండో ఆట. మూడో ఆట. మూగినవాళ్ళు ఒక్కొక్కరే పక్కకు జరిగారు, చూడ్డానికి సరదాగా ఏమీ లేదు. నిన్న నవ్వుతూ పోయిన మనిషి మొహం ఇవాళ బిగుసుకుపోయింది. బయట బస్సు హారను మోగింది. మళ్ళీ మోగింది. చివరికి డ్రైవరే లోపలికొచ్చాడు.

"ఏమయ్యా, బస్సునిండా జనాన్ని కూర్చోబెట్టి నువ్విక్కడ దీపాలు పెడుతున్నావా? టైమైపోయింది, రా!"

"ఒక్క ఆట," అన్నాడు కండక్టరు తలెత్తకుండా.

"నీ ఆట తగలెయ్య! మనిషివేనా నువ్వు?"

"ఒక్కటే అన్నాగా! అయిపోవాలి కదా!"

యజమాని పాటలమ్మ చెవి దగ్గరికి వంగాడు. "చూశావా? ఇవాళ ఎవడూ పాడలేదు. ఎట్లా అతుక్కుపోయాడో చూడు. అంతా నీ చలవే."

పాటలమ్మ చూస్తూనే ఉంది. మీసాలున్న నలభయ్యేళ్ళ మనిషి, కాళ్ళు నేలకు అంటుకుపోయి, బయట హారను మోగుతున్నా కదలలేక నిలబడి ఉన్నాడు. అదేమిటో ఆమెకు లోపలినుంచి తెలుసు. బడిగంట వినపడుతూనే ఉంటుంది. లేవాలని తెలుస్తూనే ఉంటుంది. నెత్తిన ఆ దెబ్బ పడితే గానీ లేవలేం. తన చేతులతో తాను ఒక మనిషిని ఆ పీట మీద కూర్చోబెట్టింది. ఈ ఊళ్ళోనూ, లారీలు వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ. ఆమెకు తన మీద అసహ్యం వేసింది, ఏడుపొచ్చింది. రెండు కిటికీల గది కళ్ళ ముందు కదిలింది, అదీ నిజమే.

దీపాలవాడు పడ్డాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు.

కండక్టరు చెయ్యి సంచి వైపు కదిలింది. పాటలమ్మ నోరు తెరిచి ఏడో స్వరం పాడింది.

ఆమె పాటలు కట్టే మనిషే గానీ పాడే మనిషి కాదు. ఆ స్వరం కొంచెం కీచుగా, కొంచెం వణుకుతూ వచ్చింది. అయినా ఎత్తు తప్పలేదు. ఒక్క క్షణం ఎవరూ కలవలేదు. తర్వాత పక్క వరసలోంచి ఒకడు "ఊఁ" అన్నాడు. ఆ వెనక ఇంకొకడు. అంతలో హాలంతా అందుకుంది. డ్రైవరు కూడా ఎందుకో తెలియకుండానే గొంతు కలిపి, తనను తాను చూసుకుని నవ్వేశాడు. కండక్టరు నిద్రలేచినవాడిలా చుట్టూ చూశాడు. సంచి మూత వేసి, "పద పద" అంటూ డ్రైవర్నే తోసుకుంటూ బయటికి పరుగెత్తాడు.

యజమాని నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు. "నువ్వా?"

"నేనేనండీ."

"ఇక్కడ మొదలుపెట్టిందెవరో కనుక్కోమంటే నువ్వు మొదలుపెడతావా?"

"ఎవరూ మొదలుపెట్టక్కర్లేదండీ. అది పాటలోదే. ముగింపు గుర్తుకు చోటు ఉంచడం మర్చిపోయాను. ఒక గడి తక్కువ లెక్కపెట్టాను. విన్నవాళ్ళకి వినపడుతుంది, అంతే."

"మర్చిపోయావా? తెలివి కాదన్నమాట."

"కాదండీ. పొరపాటు."

యజమాని తాళాలాయన వైపు చూశాడు. "నిన్న ఎవరు పాడారయ్యా ముందు?"

తాళాలాయన గుత్తిలో ఒక తాళంచెవిని చాలా శ్రద్ధగా తుడిచాడు. "నేను వంగి స్పీకరు చూస్తున్నానండీ. వెనకనుంచి వినపడింది. అందరూ ఒక్కసారే పాడినట్టుంది."

యజమాని కోప్పడలేదు. ఆయన కోపం వృథా చేసే మనిషి కాదు. కాసేపు యంత్రాన్ని చూసి, వేలితో దాని అంచు మీది దుమ్ము తుడిచాడు. "పొరపాటు బాగుంది. అది అలాగే ఉంటుంది, అన్ని హాళ్ళలోనూ. తెలివి నీది కానప్పుడు గది నీకెందుకు? నీ పాత గదిలోనే కూర్చో. వచ్చే ఆట పాటలు ఇంకెవరిచేతైనా కట్టిస్తా." బయటికి నడుస్తూ, హాలు మేనేజరు నవ్వుకు జవాబుగా తలూపాడు. తాళాలాయన వెనకే వెళ్ళాడు. ఆ తాళాల చప్పుడు కాసేపటికి యంత్రాల హోరులో కలిసిపోయింది.

అంతా ముగిసిపోయినట్టుంది, ఏదీ మారలేదు కూడా. మిగతా హాళ్ళలో ఆరు స్వరాలే దిగుతాయి, జనం అలాగే నిలబడిపోతారు. ఆ ఊదారంగు దీపపు పెట్టె పాటలమ్మ మోచేతి పక్కనే ఉంటుంది. ఎటు వెళ్ళాలో తోచక, బిళ్ళల గూటి ముందున్న వరసలో చేరింది. తన వంతు వచ్చింది. ఏమడగాలో తెలియలేదు. ఒట్టి చెయ్యి కంత ముందు పెట్టి వంగి నిలబడింది.

లోపల అక్క తలెత్తింది. చుట్టూ జనం ఉన్నారు, హాలు మేనేజరు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. అక్క మోచేతిదాకా చెయ్యి కంతలోంచి బయటికి చాపింది. వంగిన చెల్లెలి నెత్తిన అరచేత్తో మెత్తగా ఒక్కటి కొట్టింది.

"అయిపోయింది," అంది, గాలి తప్ప గొంతు లేని గొంతుతో. "పో."

వరసలో వెనకనున్నతను చిల్లర పట్టుకుని ముందుకు జరిగాడు.